మా కోచ్‌ని తీసేయాలనుకున్న ఆదివారం

నాకు ఓపిక తక్కువ. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు గానీ, మా అమ్మ దగ్గర్నుంచి ఆఫీసులో టీ ఇచ్చే మనిషి దాకా అందరికీ తెలిసిందే. అన్నం ఉడికేలోపు మూత మూడుసార్లు తీసి చూస్తాను. బస్సు ఐదు నిమిషాలు రాకపోతే నడక మొదలుపెడతాను. సగం దూరం వెళ్లాక ఆ బస్సే నా పక్కనుంచి వెళ్లిపోతుంది. అలాంటి నన్ను తీసుకెళ్లి ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు సెక్రటరీని చేశారు.

తొంభైల చివరి రోజులవి. గుంటూరు వైపు నుంచి వచ్చి, హఫీజ్‌పేట్ స్టేషనుకు దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకుని, మాదాపూర్‌లో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాను. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడిపోతాయని లోకమంతా భయపడుతున్న కాలం. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని వెతికి పట్టుకుని నాలుగంకెలు చేయడం నా పని. పొద్దున లేస్తే గడువు, సాయంత్రమైతే గడువు. ఉన్న కాస్త ఓపికా అక్కడే ఖర్చయిపోయింది.

క్లబ్బు పుట్టింది మా చర్చి ఆవరణలో. ఆదివారం ఆరాధన అయ్యాక మావాళ్లు కొందరు బంతి తన్నుకునేవారు. చుట్టూ పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్నాయి కదా, ఆ పనుల మీద వచ్చిన మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. మదీనాగూడలో సిమెంటు దుకాణం ఉన్న ఒకాయన అందరికీ జెర్సీలు కుట్టించి ప్రెసిడెంటయ్యాడు. మా పాస్టరు గారిని గౌరవం కోసం కమిటీలో వేశారు. ఇంగ్లీషులో ఉత్తరం రాయగలనని నన్ను సెక్రటరీని చేశారు. కమిటీ అంటే మేం ముగ్గురమే.

చుట్టుపక్కల కాలనీల జట్లు, ఊళ్ల జట్లు ఆదివారాలు ఆడుకునే పోటీలు కొన్ని ఉండేవి. వాటిలో చేరాం. చేరాక కోచ్ కావాలి కదా. లింగంపల్లిలో ఒక పెద్దాయన ఉన్నాడని ఎవరో చెబితే వెళ్లి అడిగాం. అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఏదో ప్రభుత్వ డిపార్టుమెంటు జట్టులో ఆడాడట. పొద్దున్నే ఐదున్నరకల్లా లింగంపల్లి నుంచి సైకిలు తొక్కుకుంటూ మా మైదానానికి వచ్చి, దొడ్డికాళ్లతో దిగి, హ్యాండిలుకు కట్టిన వలసంచిలోంచి బంతి తీసేవాడు. ఆటయ్యాక ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఆయన మమ్మల్ని అడిగింది అంతే.

ఆయన వచ్చాక మేం గెలవడం మొదలుపెడతామనుకున్నాను. ఓడడం మొదలుపెట్టాం. అంతకుముందు గెలిచామని కాదు, అంతకుముందు ఎవరూ మాతో ఆడలేదు. మొదటి ఆదివారం ఆరు గోల్స్ తిన్నాం. మావాళ్ల ఆట చూడాల్సిందే. నీళ్ల ట్యాంకరొస్తే కాలనీ అంతా బిందెలతో దాని వెంట పడ్డట్టు, బంతి ఎక్కడుంటే జట్టంతా అక్కడే. ఒక్క గోల్‌కీపరు మాత్రం కదిలేవాడు కాదు.

ఈ గోల్‌కీపరు గురించి చెప్పాలి. పాలమూరు వైపు మనిషి, ఆరడుగుల పైన ఉంటాడు. మా ఆఫీసు పక్క బిల్డింగుకు సెక్యూరిటీ గార్డు. పదేళ్లుగా అదే పని. ఏం జరిగినా గేటు విడిచి కదలకూడదన్నది ఆయన నేర్చుకున్న మొదటి పాఠం, చివరి పాఠం కూడా. గోల్‌పోస్టులుగా పాతిన సెంట్రింగ్ కట్టెల మధ్య కూడా అట్లాగే నిలబడేవాడు. అవతలివాడు బంతితో ఒంటరిగా దూసుకొస్తుంటే ముందుకెళ్లి అడ్డుకోవాలి కదా, వెళ్లడు. వచ్చినవాడు నింపాదిగా ఏదో ఒక మూలకు తన్నుకుని పోయేవాడు. కాస్త మంచి బట్టలేసుకున్నవాడు బంతితో వస్తే అలవాటు కొద్దీ సెల్యూట్ కొడతాడేమోనని నాకు భయంగా ఉండేది.

కోచ్ ఇదంతా చూస్తూ కూడా కోప్పడేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది అందుకే. పొద్దున ఆటలో ఎవరినీ పరుగెత్తనిచ్చేవాడు కాదు. అందరూ నడుస్తూ బంతి ఒకరికొకరు అందించుకోవాలి. పరుగెత్తినవాడు బయటికెళ్లి కూర్చోవాలి. పోటీ దగ్గర పడుతుంటే ఇదేం విడ్డూరం? పైగా వారానికొకసారి గోల్ ముందు సున్నంతో ఒక అడ్డగీత గీసేవాడు. పాత గీత అరిగిపోకముందే ఇంకొకటి. ఆ సున్నం మా ప్రెసిడెంటు దుకాణంలోది. మైదానానికి ముగ్గులు పెడుతున్నాడా ఏంటని ఆయన నన్నడిగేవాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఒక బుధవారం సాయంత్రం ప్రెసిడెంటు దుకాణంలో సిమెంటు బస్తాల మీద కూర్చుని కమిటీ సమావేశం జరిపాం.

"ఏంది సార్ ఇది? ఆటంటే ఉరకాలె గదా! ఈయన మనోళ్లను పెండ్లికి పోతున్నట్టు నడిపిస్తున్నడు," అన్నాడు ప్రెసిడెంటు. "నార్సింగోళ్లు సిమెంటు కొననీకొచ్చి నా మొఖం మీదనే నవ్వి పోతున్నరు. ఈ ఆదివారం మనకు వాళ్లతోనే ఉంది. ఓడినమా, ఇగ ఆయనకు సలాం చెప్పుడే."

పాస్టరు గారు ఎవరినీ తీసెయ్యమనరు. అది ఆయన వృత్తికే పడదు. "నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. ఇంకొంచెం చూద్దామండి," అన్నారు.

"ఆలస్యం అమృతం విషం అన్నది కూడా పెద్దలేనండి అయ్యగారూ," అన్నాను నేను. బస్తా మీద గుద్దాను కూడా. సిమెంటు లేచి ముగ్గురం దగ్గాం.

ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. ఆదివారం ఓడితే కోచ్ వెళ్లిపోవాలని తేల్చాం. ఆ సంగతి ఆయనకు ఉత్తరం రూపంలో ఇవ్వాల్సింది నేను. మర్నాడు ఆఫీసులో మధ్యాహ్నం భోజనం మానేసి మరీ కూర్చుని రాశాను. "మీ సేవలకు మిక్కిలి కృతజ్ఞులం" అనే ధోరణిలో, మంచి బరువైన ఇంగ్లీషులో. ప్రింటు తీసి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. ఆయనకు ఇంగ్లీషు రాదన్న సంగతి మడతపెట్టి జేబులో పెట్టుకునేదాకా నాకు తట్టలేదు. తట్టాక కూడా మార్చలేదు.

శనివారం పొద్దున ఎందుకో మెలకువ తొందరగా వచ్చింది. తెల్లారుతూ ఉండగానే మైదానానికి నడిచాను. ఇంకా ఎవరూ రాలేదు. కోచ్, గోల్‌కీపరు మాత్రం ఉన్నారు. కోచ్ వంగి సున్నంతో గీత గీస్తున్నాడు. ఆ గీత గోల్‌కు చాలా ముందుంది. దాని వెనక పాతవి, సగం చెరిగినవి, గోల్ దాకా వరసగా కనిపిస్తున్నాయి.

"ఇగో, ఇయ్యాల గేటు ఈడికొచ్చింది. నీ డ్యూటీ ఈడ," అంటున్నాడు కోచ్. "ఎవడన్న బంతి తీస్కొని వచ్చిండనుకో, ఈడనే ఆపాలె."

గోల్‌కీపరు వెనక్కి తిరిగి కట్టెల వైపు దిగులుగా చూశాడు. "ఎనక అంత ఖాళీగుంటది గద సార్?"

"ఎనక ఏమున్నది? రెండు కట్టెలు. గవి యాడికి పోవు."

అది విన్నాక గోల్‌కీపరు బెల్టు సర్దుకున్నట్టు నడుం సర్దుకుని గీత దగ్గర నిలబడ్డాడు. కోచ్ బంతితో ఎదురొచ్చాడు. ఆ మనిషి గీత మీదకు దూకి, రెండు చేతులతో బంతిని కప్పేసి మట్టిలో పడ్డాడు. నేను చూస్తున్నదేమిటో అర్థమవడానికి కాసేపు పట్టింది.

కోచ్ నన్ను చూసి దగ్గరికొచ్చాడు. ముందుకు రమ్మని ఒక్కమాట చెబితే సరిపోయేది కదండీ, ఇన్ని గీతలెందుకని అడిగాను.

"చెప్పిన సారూ. మొదటి రోజే చెప్పిన. సరే సార్ అన్నడు, జరగలే. పదేండ్లు గేటు ఇడ్వకుంట నిలవడ్డ మనిషి, ఇడ్సిపెట్టి రమ్మంటే వస్తడా? అందుకే గేటునే జరుపుతున్న. వారానికి ఒక్క అడుగు. ఎక్కువ జరిపితే పరేషానైతడు."

నేనైతే మూడు నెలల పాటు ఆ గీతల్ని చూసి సున్నం దండగ అనుకున్నవాడిని. మొదటి ఆదివారం ఆరు గోల్స్ తిన్నాం, తర్వాత ఐదు, మొన్న రెండు. ఇది కూడా నాకు అప్పుడే గుర్తొచ్చింది. గెలుపు ఓటమి తప్ప మధ్యలో ఇంకేమీ చూడని కళ్లు నావి. మనసులో చాలా చిన్నతనంగా అనిపించింది. అయినా జేబులో ఉత్తరం జేబులోనే ఉంది. మాట ఇచ్చినవాడిని కూడా నేనే.

ఆదివారం నార్సింగిలో మ్యాచ్. పొలాల మధ్య చదును చేసిన నేల, ఒకవైపు బండరాళ్లు. ఊరు ఊరంతా ఆ రాళ్లెక్కి కూర్చుంది. నార్సింగివాళ్లు చిన్నప్పట్నుంచి కలిసి ఆడినవాళ్లు, ఒకరి పేరు ఒకరు పిలవకుండానే బంతి అందించుకుంటారు. మావాళ్లు పొద్దున నడిచి నేర్చుకున్నది పరుగులో చేయడానికి తంటాలు పడ్డారు. కానీ ట్యాంకరు వెంట పడలేదు. ఎవరి చోట్లో వాళ్లున్నారు. మొదటి సగం అయ్యేసరికి ఒక్క గోల్ కూడా తినలేదు. ప్రెసిడెంటు చేతిలోని గోలీసోడా తాగడం మరిచిపోయి పట్టుకుని నిలబడ్డాడు.

రెండో సగంలో మా డ్రైవరొకాయన కాలుజారి ఒక గోల్ ఇచ్చేశాడు. మ్యాచ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా నార్సింగి జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తేవాడు బంతితో ఒంటరిగా వచ్చాడు. ఎదురుగా మా గోల్‌కీపరు ఒక్కడే. ఆ నేల మీద సున్నపు గీతలేవీ లేవు. అయినా ఆయన కదిలాడు. ఒక అడుగు, రెండు, తర్వాత ఇక పరుగే. అవతలివాడు ఇది ఊహించలేదు. తన్నేలోపే ఈయన వాడి కాళ్ల మీద పడి బంతిని గుండెకు హత్తుకున్నాడు. రాళ్ల మీద కూర్చున్న నార్సింగి జనం కూడా చప్పట్లు కొట్టారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకు దాచాలి, తిరిగాయి.

ఒకటి సున్నాతో ఓడిపోయాం.

ప్రెసిడెంటు నా వైపు చూశాడు. "ఓడినం సార్. మీ దగ్గర కాగితం ఉన్నది గదా?"

"ఉందండి. ఇవ్వను," అన్నాను.

"గదేంది? మీరే గదా బస్తా గుద్దింది!"

గుద్దింది నేనే. మూడు నెలలు కోచ్‌ని తిట్టుకున్నదీ నేనే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మాకు ఆట రాని తప్పు ఆయన మీద వేశామని వాళ్లిద్దరి చెవులు గింగురుమనేలా అరిచాను. సున్నపు గీతల కథ చెప్పాను. ఈ మనిషిని తీసేస్తే నేనూ ఉండనన్నాను. పాస్టరు గారు నవ్వి, "నీకు కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఒకటే గొంతు నాయనా," అన్నారు. ప్రెసిడెంటు చాలాసేపు గుర్రుగా చూసి, సోడా గడగడా తాగేసి, సీజన్ అయ్యేదాకా ఉంచుదామన్నాడు. అంతటితో ఆగక, ఇంకో బస్తా సున్నం పంపిస్తానన్నాడు. ఉత్తరాన్ని అక్కడే నాలుగు ముక్కలు చేశాను.

ఆ సంతోషంలో కోచ్ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. ఒక మనిషికి మేలు చేసినవాడి నడక ఎలా ఉంటుందో అలా. ఆయన సైకిలు హ్యాండిలుకు బంతి సంచి కట్టుకుంటున్నాడు.

"కోచ్ గారూ, మీకింకా టైమిస్తున్నామండి. సీజన్ అయ్యేదాకా మీరే. కమిటీలో గట్టిగా మాట్లాడాను," అన్నాను.

"గట్లనా సారూ. మంచిది," అన్నాడాయన. ముడి బిగించి, రాళ్ల దగ్గర సంబరాలు చేసుకుంటున్న నార్సింగివాళ్ల వైపు చూశాడు. "వీళ్లు ఎండాకాలంలనే నన్ను రమ్మన్నరు. మంచి పోరగాండ్లు. ఆట తెలుసు, చెప్పింది తెలుస్తది. మీ దాంట్ల ఒక్క నెల చూసి పోదామనుకున్న. నెలాయె. సరే, ఇంకో నెల చూద్దామనుకున్న. అదాయె."

గుప్పిట్లో ఇంకా ఉన్న ఉత్తరం ముక్కల్ని జేబులోకి తోసేశాను.

"మా ఇంట్లామె రోజూ పోరుతది," అన్నాడు, ఏమాత్రం నిష్ఠూరం లేకుండా. "ఆట రానోళ్ల కోసం పొద్దుగాల్నే లేసి సైకిల్ తొక్కుడెందుకు, అదేదో నార్సింగికే తొక్కరాదా అంటది. నేనే అంట, కొత్తోళ్లు, జర టైమ్ ఇయ్యాలె అని."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేం బస్తాల మీద కూర్చుని ఆయన గురించి తేల్చుకుంటున్నప్పుడే, లింగంపల్లిలో ఆ ఇంట్లో మా గురించి కూడా ఒక కమిటీ కూర్చుంటోందన్నమాట. అక్కడ మా తరఫున మాట్లాడింది ఆయన ఒక్కడే. కాసేపయ్యాక నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. ఆయన కూడా నవ్వాడు.

"మరి ఇవాళ మా ఆట చూశాక ఆవిడకేం చెబుతారండి?" అని అడిగాను. నా గొంతులో నిజంగానే భయం ఉంది.

ఆయన మైదానం వైపు చూశాడు. మావాళ్లు ఓడిపోయామన్న సంగతే మరిచిపోయి గోల్‌కీపరును భుజాల మీదికి ఎత్తుకోవాలని చూస్తున్నారు, ఆయన బరువుకు వల్లకావడం లేదు. కోచ్ తాపీగా సైకిలెక్కాడు.

"ఇంకొక్క నెల చూస్తనని చెప్త," అన్నాడు.