పోవడమే గానీ రావడం లేదు

ఆటోనగర్‌లో వ్యాన్ డ్రైవర్లంతా నన్ను చూసి తప్పుకుంటున్న రోజులవి. నేనడిగింది చిన్న సాయమే. విజయవాడ నుంచి పులిగడ్డ దాకా కృష్ణలో ఒక్కణ్ణే తెడ్డు వేసుకుంటూ వెళ్తాను. ఏటికి ఎదురు రావడం నా వల్ల కాదు కనుక, అక్కణ్ణించి నన్నూ పడవనూ బండిలో తీసుకురావాలి. ఒక్కరూ ఒప్పుకోలేదు. నేనా, వెళ్ళి తీరాలనుకున్నాను.

పడవ దిగే రేవు ముందుగా చూసొద్దామని అవనిగడ్డ బస్సెక్కి, అందులోంచే ఇంకో డ్రైవరుకు ఫోన్ చేశాను. "పడవలో పోవడమే తమ్ముడూ, మళ్ళీ రావడం లేదు. నువ్వు బండేసుకుని పులిగడ్డలో ఉండు."

టక్కున పెట్టేశాడు.

పక్క సీట్లో చీరల మూట ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ నా మోకాలి మీద చరిచారు. "అదేం మాటయ్యా! పోతానంటే, శవాన్ని తేవడానికి రమ్మన్నావనుకోడూ? వెళ్ళొస్తానని చెప్పు."

"పిన్నిగారూ, నేను మొసలి మీదెక్కి సముద్రం చూసొచ్చినవాణ్ణి."

"ఆ మొసలి ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పే వచ్చుంటుందిలే."

మళ్ళీ ఫోన్ చేశాను. "పడవలో వెళ్ళి, నీ బండిలో వస్తాను తమ్ముడూ."

"అట్టా చెప్పండి సార్! వచ్చేస్తా," అన్నాడు.

చల్లపల్లిలో ఆవిడ మూట చంకనెత్తుకుని, "వెళ్ళొస్తా నాయనా," అంటూ దిగిపోయారు.

పడవ ప్రయాణం దివ్యంగా సాగింది. మొసళ్ళు వరసగా నిలబడి దారిచ్చాయి. ఆవిడ మాత్రం మళ్ళీ కనపడలేదు. అయినా వెళ్ళొస్తానన్నారు కదా. ఆ బస్సెక్కినప్పుడల్లా పక్క సీట్లో రుమాలు వేసి ఉంచుతాను. ఎవరైనా అడిగితే, "మనిషొస్తారండీ," అంటాను.