ఇగురం అంటే కూర కాదు

నిన్న మా చిన్నమ్మాయి ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకుని, ఇంటర్వ్యూ ఉంది, చప్పుడు చేయొద్దని నా చేతిలో పోపు గరిటె కూడా లాక్కుంది. నోరు మూసుకుని వంటింటి గడపలో కూర్చున్న నాకు నిజామాబాద్ బస్టాండు దగ్గరి ఆ మేడమీది ఆఫీసు గుర్తుకొచ్చి నవ్వాగలేదు.

జనానికి కంపెనీల్లో కొలువులు కుదర్చడం ఆ ఆఫీసు పని. వచ్చినవాళ్లతో మాట్లాడటానికి ఒక మనిషి కావాలన్నారని తెలిసి, మా బాపు నన్ను బోధన్‌లో బస్సెక్కించి తీసుకొచ్చాడు. మా చెరకు ఊళ్లలో డిగ్రీ చదివిన ఆడపిల్ల అంటే అప్పట్లో వింతే గానీ, ఆ వింతతో పూట గడవదు కదా. "నౌకరొస్తె మంచిదే బిడ్డా, రాకుంటె రేపటి సంది మీ అవ్వ పక్కన బీడీల చాట ముందటేసుకో" అని మెట్ల కిందే తేల్చి చెప్పాడు. ఆయన తప్పేం లేదు, బీడీలు చుట్టీ చుట్టీ మా ఇంట్లో ఆడవాళ్లందరి వేళ్లదీ తంబాకు రంగే. నాకు మాత్రం ఆ చాట తలచుకుంటేనే ఏడుపొచ్చేది.

లోపల ఆఫీసరుగారు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. నీలో గొప్ప గుణమేమిటమ్మా అని ఆయన అడగ్గానే, బట్టీపట్టిన ఇంగ్లీషంతా గాలికి పోయి, నన్ను కన్న మా అవ్వ మెచ్చుకుంటూ అనే మాటే నోట్లోంచి ఊడిపడింది.

"నాకు ఇగురం ఉంది సార్."

ఆయన వెంటనే, "రొయ్యలదా, గుడ్లదా?" అన్నారు.

వాళ్లవైపు ఇగురంటే కూరట! తలుపు తెరిచే ఉందేమో, బయట బల్లమీది అభ్యర్థులంతా పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో భయం ఎటు పోయిందో పోయింది.

"కూర కాదు సార్. ఉన్నది ఒక్క కొలువు, గా బల్లమీద గంతమంది కూసున్నరు. మిగిలినోళ్లకు లేదని చెప్పాలె. చెప్తె వాళ్ల మనసు ఇర్గొద్దు, మల్ల మన మెట్లెక్కాలె. గది ఎట్ల చెప్పాల్నో తెల్సుడే ఇగురం."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే ఆ మాటేదో నువ్వే వెళ్లి చెప్పిరా అమ్మా" అన్నారు. కొలువు నాదేనని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

నన్ను చూసి నవ్వినవాళ్ల ముందుకే వెళ్లి నిలబడ్డాను. "గీ కొలువు నాకొచ్చింది. మీకు కొలువులు ఎతుకుడు ఇగ నా పని. ఎవరికేం పనొస్తదో చెప్పుండ్రి" అన్నాను. ఒక్కరూ ముఖం చిన్నబుచ్చుకోలేదు, పైగా బల్లమీద జరిగి నాకు చోటిచ్చారు. కింద బాపు సంగతి విని తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. నాకోసం కొని పెట్టిన కొత్త చాటలో మా అవ్వ మర్నాడు బియ్యం చెరిగింది. ఆ ఆఫీసులో నేను తల నెరిసేదాకా పనిచేశాను.

అమ్మాయి మాటలు ముగిశాక, ఏమన్నారే అని అడిగాను. తీసుకుంటే మెసేజ్ వస్తుందట, లేకపోతే ఏమీ రాదట. లేదని చెప్పడానికి మనిషే ఉండడట. నా ప్రాణం ఉసూరుమంది.

"పోనీ, నీకు ఇగురం ఉందని చెప్పినవా బిడ్డా?"

ఫోనులోంచి తల ఎత్తకుండానే అడిగింది, "ఇగురా? ఏం కూరమ్మా?"

ఆఫీసరుగారికైతే ఆనాడు కోపంలో గడగడా చెప్పేశాను. కన్నకూతురికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పను?