ఘాటు రాని మిరపకాయలు

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా వరుసగా నాలుగు రోజులు సాయంత్రమయ్యేసరికి గుక్కపట్టి ఏడ్చింది. జ్వరం లేదు. పాలు బాగానే తాగుతోంది. బుగ్గలూ కళ్ల చుట్టూ మాత్రం ఎర్రగా కందిపోయేవి. నరసరావుపేట తీసుకెళ్లి పిల్లల డాక్టరుకు చూపించాలా, ఇంకో రోజు చూడాలా అన్నది నాకు తేలేది కాదు.

మా అత్తగారికి ఏ సందేహమూ లేదు. "దిష్టే. మొన్న కళ్లంలోకి తీసుకొచ్చావుగా, కూలోళ్లందరూ ఎత్తుకుని ముద్దులాడారు. తగలదా మరి?"

అవి మిరపకాయలు ఎండబోసిన రోజులు. పాపను పక్కింట్లో ఉంచి, ఇంట్లో ఉన్నవాళ్లందరం పగలంతా కళ్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్లం. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని పాపను ఎత్తుకునేదాన్ని. ఏడుపు మొదలయ్యేది. అత్తగారు గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మూడుసార్లు తిప్పి నీళ్ల పొయ్యిలో వేసేవారు.

మొదటి రోజు ఒక్కరికీ తుమ్ము రాలేదు. "చూశావా, ఘాటన్నా రాలేదు. చానా దిష్టి తగిలింది పిల్లకి."

నాలుగో రోజు పొగకు అందరం ఉక్కిరిబిక్కిరయ్యాం. "ఘాటొచ్చింది. ఇంక వదిలిపోయింది."

"ఇంకా ఏడుస్తూనే ఉందిగా అత్తయ్యా?"

"పోతాపోతా ఏడిపిచ్చి పోద్దే అమ్మాయ్!"

డిగ్రీలో మాకు తత్వశాస్త్రం చెప్పిన మాస్టారు గుర్తొచ్చారు. "పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. సరే, పొగ లేదు కాబట్టి నిప్పు లేదంటారా?" అని అడిగితే అంటామని అరిచాం. "మీ ఇళ్లలో కరెంటు పొయ్యి ముట్టుకుని రండి, తర్వాత పాఠం చెప్తా" అన్నారు. ఘాటు రాకపోయినా దిష్టే, వచ్చినా దిష్టే అంటే ఆయన ఏమనేవారో! ఏం జరిగినా నిజమయ్యే మాటను పరీక్షించలేమని ఒకసారి చెప్పినట్టు గుర్తు.

ఆ సాయంత్రం మా ఆయనతో డాక్టరు సంగతి ఎత్తాను. పోదామన్నాను. అక్కడ జబ్బు పిల్లలు ఉంటారు, వద్దన్నాను. ఏమన్నా ముదురుతుందేమో, పోదామన్నాను.

"ఏందే నీ గోల? ప్రశ్న నువ్వే వేస్తావు, జవాబు నువ్వే కొట్టేస్తావు. పోదామా వద్దా, అది చెప్పు."

పాపను ఆయనకిచ్చి, బీరువా అడుగునున్న డిగ్రీనాటి నోటుబుక్కు తీశాను. మొదటి పేజీలో అప్పుడు తత్వశాస్త్రాన్ని ఐదు కొమ్మల చెట్టుగా గీసుకున్నాను. ఉన్నదేమిటి, మనకు ఎలా తెలుస్తుంది, ఏది చేయదగింది, అందమంటే ఏమిటి, చివరిది తర్కం. అప్పట్లో ఏ కొమ్మకు ఎన్ని మార్కులో మాత్రమే చూశాను. ఇప్పుడు అన్నీ పాప చుట్టూనే తిరిగాయి. దిష్టి అనేది ఉందా? ఉందని ఎలా తెలుస్తుంది? నేనేం చేయాలి? పిల్ల ముద్దుగా ఉంటేనే దిష్టి తగులుతుందని అత్తగారు అంటారు కాబట్టి అందం కూడా ఇందులోకి వచ్చింది.

చదువుతూ కన్ను నలుపుకున్నాను.

నిప్పు పెట్టినట్టు మండింది. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్న చేయి అది. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, ఇంకా కారం వాసనే. ఏళ్ల తరబడి కాయలు ఏరి మా అరచేతులు మొద్దుబారాయి, వాటికి మంట తెలియదు. చేతికి మంట లేదు కాబట్టి చేతిలో కారం లేదనుకున్నాను. ఆ చేతులతోనే రోజూ పాప ముఖం తుడిచి ఊరుకోబెట్టాను. దిష్టి తీశాక అత్తగారు కూడా బుగ్గలు నిమిరేవారు.

మర్నాడు నేను కళ్లానికి వెళ్లలేదు. అత్తగారు తిరిగొచ్చాక, కారం నూనెకైతే వదులుతుందని ఆవిడ చేతులకు కొబ్బరినూనె రాసి సబ్బుతో కడిగించాను. ఎందుకో చెప్తే, "మేం పెంచలేదా పిల్లల్ని ఈ చేతుల్తోనే?" అన్నారు కానీ కడుక్కున్నారు. ఆ సాయంత్రం పాప ఏడవలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లే పని లేకపోయింది.

"చెప్పలా? నిన్న ఘాటొచ్చినప్పుడే వదిలింది" అన్నారు అత్తగారు.

రెండు కారణాల్లో ఏది నిజమో తెలియాలంటే ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని ఉంచి చూడాలని నోటుబుక్కులో ఉంది. అంటే దిష్టి తీయించేశాక, కారం చేతులతో పాప ముఖం తుడిచి, ఏడుస్తుందో లేదో చూడాలి. ఎలా తెలుస్తుందనే రెండో కొమ్మ చూడమంటుంది, ఏది చేయదగిందనే మూడో కొమ్మ చేయి పట్టుకుని ఆపుతుంది. ఏ తల్లి చేస్తుంది ఆ పని?

పాప నిద్రపోయింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను. ఇంకొకటి కూడా రాయాలి. నా లెక్క తప్పయి, అత్తగారి మాట నిజమైతే బాగుండునని చాలాసార్లు అనిపించింది. దిష్టి అయితే ఎవరి కన్నో తగిలింది. కాకపోతే ఆ నాలుగు రోజులూ ఏడిపించింది నేనే.

ఇప్పుడు కళ్లం నుంచి రాగానే నూనె రాసుకుని, కడుక్కుని, ముందు నా కన్ను నలుపుకుంటాను. మండకపోతేనే పాపను ఎత్తుకుంటాను. అత్తగారు దిష్టి తీస్తానంటే వద్దనడం లేదు. తీశాక నూనె గిన్నె ఆవిడ ముందు పెడుతున్నాను.