ఒళ్లో మూట
2025 జనవరి 21, మంగళవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలు. కొత్తగూడెంలోని శిక్షణ గదిలో వనజ కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ బిగించుకుంది. ములకలపల్లి వైపు తిరిగే అంబులెన్సులో ఆమె పన్నెండేళ్లుగా టెక్నీషియన్. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుంటుంది. గడియారాన్ని మణికట్టు లోపలివైపు పెట్టుకుంటుంది. అడవి పల్లెల్లో ఒక్క రోగి వెంట పదిమంది వస్తారు కనుక, ఎక్కడ దిగినా ముందు వాళ్లను పక్కకు పంపుతుంది. శిక్షణ కోసం నటులతో తీసిన వీడియోలో మిరపకోత కూలీల ట్రాక్టరు బోల్తాపడి ఉంది. తల ఎటు తిప్పితే అటు దృశ్యం కనిపిస్తుంది. కాలు విరిగి అరుస్తున్న యువకుడి పక్కన ఒకామె ఒళ్లో మూట పట్టుకుని మౌనంగా కూర్చుంది. వనజ అలవాటుగా చెయ్యి ఊపింది: "పెద్దమ్మా, జర పక్కకు జరుగు."

అదే దృశ్యాన్ని గదిలోని టీవీ తెరపై చూస్తున్న ఆమె అంబులెన్సు డ్రైవర్ బాలకృష్ణ పగలబడి నవ్వాడు. "అక్కా, అది ఉత్త వీడియో! ఆమెకేం ఇనపడ్తది?"

వనజ యువకుడి కాలు చూడటంలో మునిగిపోయింది. కాసేపటికి దృశ్యం ఆగింది. శిక్షకురాలు సాయిప్రియ మెల్లగా చెప్పింది: "మేడం, ఎడమ దిక్కు తిరిగి ఆమె ఒళ్లోకి చూడండి."

అది మూట కాదు. కడుపు మీది గాయానికి అదిమిపెట్టుకున్న చీరకొంగు. కింద మట్టి తడిసి నల్లబడింది. ఆమె తల వాలిపోయింది, ఛాతీ కదలడం లేదు.

వనజ హెడ్‌సెట్ తీయలేదు. "నేనే పొమ్మన్న కద బాలకృష్ణా," అంది. "ఇన్నేండ్లల్ల గిట్ల ఇంకెంతమందిని పక్కకు పంపిన్నో."

ఈసారి బాలకృష్ణ నవ్వలేదు. గాయపడిన ఆమెను పట్టించుకోకుండా గడిచిన సమయం తెర మూలలో కనిపిస్తోంది: 4 నిమిషాల 10 సెకన్లు.