బంగార్రాజు గారి ఇంజను

మా పెదబాబుకి ఒకటే పిచ్చి: ప్రతి ఇంజనులోనూ దాని పాత యజమాని కాపురముంటాడని. చోడవరంలో అతని మెకానిక్ షెడ్డుకి వెళితే, "మావయ్యా, ఆ బోల్టు కాస్త వదులు. బలం పెట్టమంటావేటి?" అని ఇంజన్ని బతిమాలుతూ కనిపిస్తాడు. ఆయిలు పోశాక "తాగీసి పడుకో అత్తా" అంటాడు.

జలాశయం దాటించే పడవ కూడా అతనిదే. దాని ఇంజను అరిగిపోయి నడినీళ్ళలో ప్రాణం విడిచింది. పడవల కోసం చేసిన కొత్తది కొనే తాహతు లేదు. అవతలి ఊళ్ళో కాలం చేసిన బంగార్రాజు గారి జీపు ఇంజను తెచ్చి, రేడియేటరు పీకేసి, చల్లబరచడానికి జలాశయం నీళ్ళే గొట్టంతో తిప్పి, పడవకి బిగించాడు.

"బంగార్రాజు బావ వచ్చీసేడు. సెప్పులిప్పి ఎక్కండి!"

అవతలి బడికి రోజూ ఆ పడవలోనే వెళ్ళే నాకు మొదటి ఉదయమే ఒళ్ళు జలదరించింది. చుట్టూ మంచు. డబడబమంటున్న ఇంజను, బంగార్రాజు గారి ఇంటి రేవు ముందు, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే ఆగిపోయింది. నీళ్ళు సైతం ఊపిరి బిగపట్టాయి. మంచులోంచి ఓ ఆకారం దిగి వస్తోంది. విఘ్నేశ్వరుణ్ణి తలచుకుని కళ్ళు మూసుకున్నాను.

"మా జీపు సప్పుడినపడింది..." అంది ఆకారం. బంగార్రాజు గారి భార్య అచ్చియ్యమ్మ! ఎముకల గూడులా ఉంది.

"బావకి ఆకలేస్తందంట అప్పా" అన్నాడు పెదబాబు, అక్క వరస కలిపి.

మర్నాటి నుంచీ ఇంజను అక్కడే ఆగేది. ఆవిడ క్యారేజీ తెచ్చి ఇంజను మీద పెట్టేది. "బావ వాసన పీల్సుకున్నాడు. మిగిల్నది నువ్వు తినీ" అనేవాడు పెదబాబు. ఆవిడ మెట్ల మీద కూర్చుని తినేది.

"ఒరే, దెయ్యానికి టిక్కెట్టు కొట్టేవేటిరా?" అంటూనే, రోజూ మాతో వచ్చే చిన్నతల్లి ఇంజనుకి దణ్ణం పెట్టి ఎక్కేది.

ఓ రోజు జారిన గొడుగు కోసం వంగాను. ఇంజన్ని ఆపే వైరు పెదబాబు కాలి బొటనవేలికి కట్టి ఉంది!

"ఏటి బాబూ ఇది?"

"మెల్లగా మాస్టారూ! బావ పోయిన్నాటి నుంచీ అప్ప పొయ్యి ముట్టించనేదు. మొగుడి కోసవంటే వండుతాది. ఆయన తినడు గదా, ఆవిడ తింతాది."

మర్నాడు అచ్చియ్యమ్మ రెండు క్యారేజీలు తెచ్చింది. "ఒకటి నాది. ఒకటి నీది. గుత్తొంకాయ."

"మరి బావకో?"

"ఆయనకి వంకాయ పడదు. బొటనేలు వాసిపోనాది, ఆ వైరు ఇప్పీ. ఇక్కడే నిలబడతాను, నన్ను సూసి ఆపు."

పెదబాబు సిగ్గుతో వైరు విప్పి ఇంజను తిప్పాడు. పలకలేదు. మళ్ళీ తిప్పాడు. ఉహూఁ.

అచ్చియ్యమ్మ వంగి ఇంజను మీద మెల్లగా తట్టింది.

"అలక సాల్లే. రేపు బెండకాయ సేస్తాను."

ఎవరూ తిప్పకుండానే ఇంజను డబడబమంది.