జపాన్ బండి, ఇంగ్లండ్ బండి, మా బావ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గోపాలపట్నంలోని మా మెకానిక్ షెడ్డుకు రెండు కార్లు ఒకేరోజు వచ్చాయి. ఓడల వ్యాపారం చేసే ఒకాయన విదేశాల నుంచి తెప్పించుకున్నవి. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఒకటి జపానుది, ఒకటి ఇంగ్లండుది. ఒక్కటే ఉంచుకుంటాను, ఏది మంచిదో మీరే తేల్చండి అన్నాడాయన.

తేల్చాల్సింది మా అక్క భర్త. షెడ్డు మా ఇద్దరిదే అయినా పనితనం బావది. ఉక్కు ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు కాంట్రాక్టు పని చేసి వచ్చాడు. రోడ్డు మీద పోతున్న లారీ చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాడు. కానీ అప్పటికి రెండు నెలలుగా మా మధ్య మాటల్లేవు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. పొగరనుకుని నేనూ పిలవడం మానేశాను.

ముందు నేనే రెండూ నడిపి చూశాను. జపాన్ కారు గేరు ఇలా అంటే అలా పడేది. టాపు కూర్చున్న చోటినుంచే ఒంటిచేత్తో తీయొచ్చు. ఇంజను ముందే ఉంది, ఏది విప్పాలన్నా తేలిక. ఇంగ్లండ్ కారు ఇంజను సీట్ల వెనక దాక్కుంది, బెల్టు చూడాలన్నా మూతలు విప్పి తలదూర్చాలి. అయినా సింహాచలం వైపు మలుపుల్లో అది రోడ్డును కరుచుకునే పోయింది, గతుకుల్లో ఒళ్లు కదలనివ్వలేదు. బుద్ధి జపాన్ కారు అంటోంది, మనసు మాత్రం ఆ రెండోదాని మీదే ఉంది.

పోర్టులో నెలల తరబడి పడి ఉండడంతో ఇంగ్లండ్ కారు బెల్టు ఎండిపోయింది. ఓడలాయన పక్కనే ఉండగా, బావ చూస్తానంటే స్టార్టు చేశాను. కీచుమని ఒకటే గోల. ఎదురుగా టీబడ్డీ దగ్గరున్నవాళ్లు తలతిప్పి చూశారు. బావ ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఎన్నపూసలాగుంది బాబూ. సప్పుడే నేదు," అన్నాడు.

ఓడలాయన హాస్యమనుకుని నవ్వాడు. నేను ఇంజను ఆపేశాను.

ఆయన వెళ్లాక బావకు ఎదురుగా నిలబడి, బెల్టు అరుస్తుంటే వినబడలేదా అని అడిగాను. బావ నా పెదాలకేసి చూశాడు.

"ఇనబడ్డం నేదు. ఏడాదైపోనాది. సెప్తే ఇంక బళ్లు ముట్టుకోనివ్వవనుకున్నాను."

మర్నాటి నుంచి బావ షెడ్డుకు రాలేదు. ఓడలాయన జపాన్ కారు ఉంచుకుని రెండోది అమ్మేశాడు. బావకు చెవి మిషను పెట్టించాం. తలలో గులకరాళ్లు పోసినట్టుందని వారానికే తీసేశాడు.

ఒక ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో అటు తిరిగి కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేక, వినబడదని తెలిసీ ఆ వీపుకే చెప్పుకున్నాను. పొగరనుకున్నానని, సిగ్గుగా ఉందని, వినబడకపోయినా ఫర్వాలేదు షెడ్డుకు వచ్చెయ్యమని. అయ్యేసరికి అక్క వచ్చి ఆయన భుజం తట్టి నన్ను చూపించింది.

"ఎప్పుడొచ్చినావు? టీ తాగుతావేటి?" అన్నాడు బావ ఇటు తిరిగి.

తలూపాను. ఆ మాటలు ఇంకోరోజు ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. మూడేళ్లు అలాగే అనుకుంటూ గడిపాను. నాలుగో ఏడు బావ పోయాడు.