సగం పాట కువైట్‌లో ఉంది

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మా మేనత్త ఈ రోజు పొద్దున ఫోన్ చేసింది. అక్కడ మన దిక్కు ఆడవాళ్లంతా శుక్రవారం బతుకమ్మ ఆడుతున్నారట.

"గీడ అందరు స్పీకర్ల పాటలే పెడ్తమంటున్నరు. నాకు మా అవ్వ పాట కావాలె. మొత్తం రాసి పంపు బిడ్డా" అంది.

పాటంటే మాటలే కదా అనుకుని కొత్త నోటుబుక్కు తీశాను. కోరుట్లలో మా ఇంటి ముందు బాపమ్మను, అంటే అత్త వాళ్ల అమ్మను, కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమెకు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"కూసుంటె పాటెట్లస్తదే? తిరగాలె, చప్పట్లు కొట్టాలె" అంటూ లేచింది.

బతుకమ్మకు బదులు నడుమ నీళ్ల బిందె పెట్టి ఇద్దరం చుట్టూ తిరిగాం. మోకాళ్ల నొప్పితోనే నాలుగు చరణాలు పాడి ఆగిపోయింది.

"తర్వాతేంది బాపమ్మా?"

"ఈడికెల్లి మీ అత్తనే అందుకునేది. నాకు రాదు."

అత్తకు వీడియో కాల్ చేశాను. "అవ్వ పాడుతుంటెనే నాకు నోటికొస్తది. ఒక్కదాన్నెట్ల ఎత్తుకోవాలె?" అంది. సరే, కలిసి పాడమన్నాను. ఇక్కడి చప్పట్లు అక్కడికి ఆలస్యంగా చేరుతున్నాయి. ఇద్దరికీ ఒక్క చరణమూ కుదరలేదు. ఇంతలో మేడమ్ పిలిచిందని అత్త ఫోన్ పెట్టేసింది.

నోటుబుక్కులో ఐదో నంబరు వేసి ఖాళీ వదిలాను. మీ ఇంట్లో పాట అందుకునే మనిషి ఇప్పుడు ఏ దేశంలో ఉందో కాస్త చెప్పండి.

బాపమ్మ మాత్రం ఆ బిందెను ఇంకా లోపలికి తీయనివ్వడం లేదు.